టేబుల్ మీది ఎల్‌ఈడీ ల్యాంపు మొరాయిస్తే ఎక్కడ చూడాలి?

సన్నటి కాడ, పల్చటి తల, బటనే కనిపించని టచ్ ల్యాంపులు టేబుల్ మీద ముచ్చటగా ఉంటాయి. పాడైతే మాత్రం ఎక్కడ విప్పాలో తెలియక పక్కన పడేస్తారు. అలా పడేసినవి చూస్తే నాకు బాధేస్తుంది, ఎందుకంటే లోపం చాలాసార్లు అడాప్టర్‌లోనో కేబుల్‌లోనో ఉంటుంది.

అసలు వెలగకపోతే

ముందు వేరే అడాప్టర్, వేరే కేబుల్ పెట్టి చూడండి. ల్యాంపు అడుగున 5 వోల్టులు, 2 ఆంపియర్లు అనో మరొకటో రాసి ఉంటుంది. వోల్టులు అంతే ఉండాలి. ఆంపియర్లు ఎక్కువున్నా ఫరవాలేదు. పిన్ను పట్టింది కదా అని 5 వోల్టుల ల్యాంపుకు 12 వోల్టుల అడాప్టర్ పెడితే లోపలి సర్క్యూట్ బోర్డు కాలిపోవచ్చు.

టైప్-సి సాకెట్ ఉన్నవాటిలో ఇంకో చిక్కుంది. మా ఆఫీసులో ఒక ల్యాంపు కొత్త ఫోన్ ఛార్జర్‌తో వెలగలేదు, పాత ఛార్జర్‌కి తగిలించగానే వెలిగింది. రెండు కొసలా టైప్-సి ఉన్న కేబుల్ వాడినప్పుడు, అవతల ఒక పరికరం ఉందని తెలిస్తేనే ఛార్జర్ కరెంటు వదులుతుంది. ఆ సంగతి తెలియడానికి ల్యాంపులో 5.1 కిలో ఓమ్‌ల రెసిస్టర్లు (కరెంటును అడ్డుకునే చిన్న భాగాలు) రెండు ఉండాలి. కొన్ని ల్యాంపుల్లో అవి పెట్టరు. ఒక కొస వెడల్పాటి పాత యూఎస్‌బీ ఉన్న కేబుల్ వాడితే సరిపోతుంది.

మసకగా వెలిగితే

ల్యాప్‌టాప్‌కి తగిలించారేమో చూడండి. యూఎస్‌బీ 2.0 పోర్టు ఇచ్చేది మామూలుగా 500 మిల్లీ ఆంపియర్లు, అంటే రెండున్నర వాట్లే. 10 వాట్ల ల్యాంపుకు అది చాలదు. గోడ సాకెట్‌కు మార్చండి.

మినుకుమినుకుమంటుంటే

తల వంచినప్పుడే మినుకుమంటే కీలు దగ్గర వైరు తెగుతోందని అర్థం. ల్యాంపు వెలుగుతుండగా కీలును మెల్లగా అటూ ఇటూ తిప్పండి. ఏ కోణంలో ఆరిపోతోందో అక్కడే తెగి ఉంటుంది. ప్లగ్ తీసి, ఆ ముక్క కత్తిరించి, కాస్త వదులుగా ఉండేలా కొత్త వైరు టంకం పెట్టాలి. బిగువుగా పెడితే మళ్లీ తెగుతుంది.

కదపకపోయినా మినుకుమంటూ, అడాప్టర్ మార్చినా తగ్గకపోతే బోర్డు మీది కెపాసిటర్లు చూడండి. చిన్న డ్రమ్ములా ఉంటాయి. పైభాగం చదునుగా ఉండాలి. ఉబ్బి ఉంటే మార్చాల్సిందే.

వెలుగు తగ్గించినప్పుడే కళ్లు లాగుతున్నాయా? ఫోన్ కెమెరాతో చూడండి. తెర మీద నల్లచారలు పాకుతుంటే ఆ ల్యాంపు వెలుగును ఆర్పుతూ వెలిగిస్తూ తగ్గిస్తోంది. అది రిపేరుతో పోదు. పూర్తి వెలుగులో పెట్టి, తలను గోడవైపు తిప్పి వాడుకుంటే హాయిగా ఉంటుంది.

టచ్ పలకకపోతే, లేదా దానంతటదే ఆరుతుంటే

ప్లగ్ తీసి, పొడిగుడ్డతో తుడిచి, కాసేపాగి మళ్లీ పెట్టండి. పెట్టేటప్పుడు టచ్ మీద చేయి ఉండకూడదు. చాలా టచ్ చిప్‌లు కరెంటు రాగానే తమను తాము సరిచూసుకుంటాయి, అప్పుడు వేలు తగిలితే లెక్క తప్పుతుంది. చవక ఛార్జర్ల నుంచి వచ్చే కరెంటులోని అలజడి వల్ల కూడా టచ్ పిచ్చిపిచ్చిగా చేస్తుంది.

మెడ వాలిపోతుంటే కీలు స్క్రూ బిగించండి, అంతే.

గోడకు పెట్టే అడాప్టర్‌ను మాత్రం విప్పొద్దు. లోపల 230 వోల్టులుంటాయి, ప్లగ్ తీశాక కూడా కాసేపు షాక్ కొట్టొచ్చు. కొత్తది కొనండి. బ్యాటరీ ల్యాంపు అయితే, బ్యాటరీ ఉబ్బినట్టు కనిపించగానే ఛార్జింగ్ ఆపేయండి.