శుక్రవారం ఉత్తరం: తరగతిలో గడిచిన వారాన్ని ఇంటికి ఎలా రాసి పంపాలి

నేను క్రైస్తవ పాఠశాలలో రెండో తరగతి టీచర్‌ని. వారంలో నేను చేసే పనులన్నిటిలో నాకు చాలా ఇష్టమైనది, శుక్రవారం మధ్యాహ్నం పిల్లల సంచుల్లో పెట్టి పంపే ఒక పేజీ ఉత్తరం. ఈ వారం ఏం జరిగింది, వచ్చే వారం ఏం ఉంది, కంఠత వాక్యం (ఆ వారం కంఠస్థం చేయాల్సిన బైబిలు వచనం) ఏది, ఏ రోజు ఏం తేవాలి, అన్నీ అందులో ఉంటాయి. కొత్తగా చేరిన టీచర్లు దీన్ని ఎలా రాయాలో అడుగుతుంటారు. వాళ్ల కోసమే ఇది రాస్తున్నాను.

ఈ ఉత్తరం అందిన సాయంత్రం అమ్మో నాన్నో బిడ్డను పక్కన కూర్చోబెట్టుకుని మాట్లాడాలి. ఉత్తరం రాసేది అందుకే. "స్కూల్లో ఏం చేశారు?" అని అడిగితే ఏడేళ్ల పిల్లలు "ఏం లేదు" అంటారు. "లెక్కల్లో పుల్లల కట్ట ఎందుకు విప్పాల్సి వచ్చింది?" అని అడిగితే ఆపకుండా చెబుతారు. అందుకే ప్రతి వాక్యం రాశాక ఒకసారి ఆగి చూసుకుంటాను: ఇది చదివినవాళ్లకు బిడ్డను అడగడానికి ఏమైనా దొరికిందా?

రోజుకో లైను

శుక్రవారం కూర్చుని వారమంతా గుర్తు తెచ్చుకుందామంటే సోమవారం సంగతులు ఒక్కటీ గుర్తుకు రావు. టేబుల్ మీద చిన్న నోట్‌బుక్ పెట్టుకోండి. ఇంటి బెల్లు కొట్టే ముందు, పిల్లలు సంచులు సర్దుకుంటున్న ఆ రెండు నిమిషాల్లో ఒక్క లైను రాయండి, చాలు. అయితే ఆ లైనులో పాఠం పేరు కాకుండా మీరు కళ్లారా చూసింది ఉండాలి.

ఉదాహరణకు "గణితం: తీసివేతలు" అని రాస్తే ఇంట్లోవాళ్లకు ఏమీ తెలియదు. నేను ఇలా రాసుకుంటాను: "52లో నుంచి 27 తీసేశాం. పుల్లలు పదేసి చొప్పున ఐదు కట్టలు, విడిగా రెండు. రెండిట్లో నుంచి ఏడు ఎలా తీస్తామని అందరూ ఆగిపోయారు. ఒక కట్ట విప్పాం, విడి పుల్లలు పన్నెండయ్యాయి. ఏడు తీస్తే ఐదు. మిగిలిన నాలుగు కట్టల్లో రెండు తీస్తే రెండు. జవాబు 25." ఉత్తరంలో దీన్ని మూడు లైన్లకు కుదిస్తాను. దానితోపాటు, తరగతిలో మేం "కట్ట విప్పడం" అనే అంటున్నామని తప్పకుండా రాస్తాను. ఇంట్లో పెద్దవాళ్లు తాము చిన్నప్పుడు నేర్చుకున్నట్టు "పక్క నుంచి అప్పు తెచ్చుకో" అంటారు. అదీ సరైనదే. కానీ ఒకే లెక్కకు ఇంట్లో ఒక మాట, బళ్లో ఒక మాట వింటే నేర్చుకునే వయసులో పిల్లలు తికమకపడతారు.

సైన్స్, భాష, ఆటలు, ఇలా అన్ని సబ్జెక్టులకూ చోటివ్వాలని చూడకండి. ఆ వారం ఏది బాగా పండిందో దానికి నాలుగు లైన్లు ఇవ్వండి. మిగతావాటికి ఒక్కో లైను సరిపోతుంది.

కంఠత వాక్యం

మన స్కూళ్లలో వారమంతా దీని చుట్టూనే తిరుగుతుంది. ఇంట్లో టెన్షన్ పెట్టేది కూడా ఇదే. అందుకే ఉత్తరంలో దీనికి కాస్త ఎక్కువ చోటిస్తాను.

వాక్యం పూర్తిగా, తరగతిలో నేర్పిన అనువాదంలో ఎలా ఉందో అక్షరం పొల్లుపోకుండా రాయండి. రిఫరెన్స్ (పుస్తకం పేరు, అధ్యాయం, వచనం) ఒక్కటే ఇస్తే తల్లిదండ్రులు ఇంట్లో ఉన్న బైబిలు తెరుస్తారు. అందులో మాటలు వేరుగా ఉంటే "మా టీచర్ అలా చెప్పలేదు" అని బిడ్డ మొండికేస్తుంది.

రోజుకు ఎంత నేర్చుకోవాలో కూడా విడగొట్టి చెప్పండి. ఎఫెసీయులకు రాసిన పత్రిక 4:32 తీసుకుందాం. సోమవారం "ఒకని యెడల ఒకడు దయగలిగి". మంగళవారం "కరుణాహృదయులై" కలుపుతాం. ఈ మాట పిల్లల నోరు తిరగదు కాబట్టి ఆ రోజు ఇంకేమీ చేర్చను, చప్పట్లు కొడుతూ ముక్కలు ముక్కలుగా పలికిస్తాను. బుధవారం "క్రీస్తునందు దేవుడు మిమ్మును క్షమించిన ప్రకారము". గురువారం చివరి ముక్క, "మీరును ఒకరినొకరు క్షమించుడి". రోజూ బోర్డు మీద ఒక్కో మాట చెరిపేస్తూ చదివిస్తాను. శుక్రవారానికి బోర్డు మీద రిఫరెన్స్ ఒక్కటే మిగులుతుంది. ఈ పద్ధతిని ఉత్తరంలో రాస్తే చాలామంది ఇంట్లో కాగితం మీద అలాగే చేస్తారు. రోజూ పడుకునే ముందు రెండు నిమిషాలు చాలని కూడా రాయండి. అది చదివాక వాళ్లకు సగం భారం దిగుతుంది.

ఏడాది ప్లాన్ వేసుకునేటప్పుడు కొన్ని భాగాలు బడి వారాలకు చక్కగా సరిపోతాయి. 23వ కీర్తనలో ఆరు వచనాలున్నాయి, వారానికొకటి చొప్పున ఆరు వారాలు. 117వ కీర్తనలో ఉన్నవి రెండే వచనాలు. రెండు వారాల్లో "నాకు ఒక కీర్తన మొత్తం వచ్చు" అని చెప్పుకోగలగడం ఏడేళ్ల పిల్లలకు ఎంత గర్వమో చెప్పలేను, అందుకే ఏడాది మొదట్లో దాన్నే పెడతాను. గలతీయులకు రాసిన పత్రిక ఐదో అధ్యాయంలో ఆత్మఫలం తొమ్మిది గుణాలుగా (ప్రేమ, సంతోషం, సమాధానం లాంటివి) ఉంది. వారానికో గుణం పెట్టుకుంటే ఒక టర్ము నిండుతుంది.

ఎవరు అప్పజెప్పారు, ఎవరు అప్పజెప్పలేదు అనేది ఉత్తరంలోకి రానివ్వకండి. కొందరు పిల్లలకు పదిమంది ముందు గొంతు పెగలదు. వాళ్లు స్నేహితుడితో కలిసి చెప్పొచ్చు, బొమ్మ గీసి చూపించొచ్చు, నా చెవిలో చెప్పొచ్చు. ఇంకొకటి: తరగతిలో గొడవ జరిగినప్పుడు "ఈ వారం వాక్యం ఏం చెప్పింది?" అని నిలదీయకండి, ఇంట్లోనూ అలా చేయొద్దని తల్లిదండ్రులకు చెప్పండి. వాక్యాన్ని బెత్తంలా వాడితే పిల్లలకు దాని మీద ప్రేమ పోతుంది. ముందు గొడవ తీర్చండి. వాక్యం వాళ్లకు వాళ్లకే గుర్తొచ్చే రోజు వస్తుంది.

చాపెల్, ప్రార్థన

చాపెల్ అంటే అన్ని తరగతులూ కలిసి చేసే ప్రార్థన సమావేశం. "చాపెల్ బాగా జరిగింది" అని రాస్తే చదివినవాళ్లకు చేతికేమీ చిక్కదు. ఏ కథ విన్నారో, పిల్లలు ఏం అడిగారో రాయండి. లూకా సువార్త పదో అధ్యాయంలోని మంచి సమరయుడి కథ విన్నాక ఒక బిడ్డ నన్ను అడిగిన ప్రశ్న ఇది: "దెబ్బలు తగిలిన మనిషిని చూసి కూడా వెళ్లిపోయాడే ఆ యాజకుడు, తర్వాత ఏమయ్యాడు?" కథలో యాజకుడూ లేవీయుడూ (ఆలయంలో సేవ చేసేవాడు) పక్కగా వెళ్లిపోవడం వరకే ఉంది. సమరయుడు మాత్రం గాయాలు కట్టి, పూటకూళ్లవాడికి రెండు దేనారాలు (ఆనాటి వెండి నాణేలు) ఇచ్చి, ఇంకేమైనా ఖర్చయితే తిరిగొచ్చేటప్పుడు ఇస్తానంటాడు. బిడ్డ అడిగిన ఆ ప్రశ్నను పేరు లేకుండా, జవాబు కూడా చేర్చకుండా ఉత్తరంలో పెట్టాను. సోమవారం పిల్లలు ఇంటి నుంచి రకరకాల జవాబులు తెచ్చారు. తిరుగు దారిలో ఆ మనిషిని వెతుక్కుంటూ వచ్చి ఉంటాడన్న జవాబు నాకు బాగా నచ్చింది.

ప్రార్థన విషయంలో మాత్రం చాలా జాగ్రత్తగా ఉండాలి. ప్రార్థన వేళ పిల్లలు ఇంట్లో సంగతులన్నీ చెప్పేస్తారు: నాన్నకు ఉద్యోగం పోయిందని, అమ్మ రాత్రి ఏడ్చిందని. వాళ్లు నమ్మి చెబుతున్నారు. అవేవీ ఉత్తరంలోకి రాకూడదు. పేరు లేకుండా "ఒక విద్యార్థి తండ్రి కోసం" అని రాసినా అదెవరో తరగతిలో అందరికీ తెలిసిపోతుంది. "అనారోగ్యంగా ఉన్నవారి కోసం, పని వెతుక్కుంటున్నవారి కోసం ప్రార్థించాం" అంటే సరిపోతుంది. విషయం పెద్దదనిపిస్తే ఆ ఇంటివాళ్లకు విడిగా ఫోన్ చేయండి. పిల్ల మాటల్లో భయమో దెబ్బలో కనిపిస్తే అదే రోజు పిల్లల రక్షణ బాధ్యత చూసేవారికి తెలియజేయండి.

మన తరగతుల్లో చర్చికి వెళ్లని కుటుంబాల పిల్లలు, వేరే మతాల పిల్లలు కూడా ఉంటారు. ఉత్తరం వాళ్లకీ అర్థం కావాలి. ఏడాది మొదటి ఉత్తరంలో "చాపెల్ అంటే అన్ని తరగతులూ కలిసి పాటలు పాడి, బైబిలు కథ విని, ప్రార్థించే అరగంట" అని ఒక్కసారి విడమరిచి చెప్పండి. "మీ చర్చిలో ఈ ఆదివారం..." అని మొదలయ్యే హోంవర్క్ ఇవ్వకండి.

రాబోయే కార్యక్రమాలు

తేదీలు పేజీ పైభాగంలోనే ఉండాలి. తీరిక లేని తల్లిదండ్రులు అంతవరకే చదువుతారు, అందులో తప్పేమీ లేదు. ప్రతి కార్యక్రమానికీ తేదీ, వారం, సమయం, ఏం తేవాలి, జవాబు ఎప్పటిలోగా కావాలి అన్నవి రాయండి. తేవాల్సిందేమీ లేకపోతే "ఏమీ తేనక్కర్లేదు" అని కూడా రాయాలి, లేకపోతే రాత్రి పదింటికి ఫోన్లు వస్తాయి.

చర్చి క్యాలెండర్‌లో కొన్ని పండగల తేదీలు ఏటా మారుతుంటాయి కాబట్టి పోయినేటి తేదీలు చూసి రాయకండి. క్రిస్మస్‌కు ముందు వచ్చే నాలుగో ఆదివారంతో అడ్వెంట్, అంటే క్రిస్మస్‌కు సిద్ధపడే కాలం, మొదలవుతుంది. అది నవంబర్ 27కీ డిసెంబర్ 3కీ మధ్య ఎప్పుడైనా రావచ్చు. 2026లో నవంబర్ 29న వస్తోంది. ఈస్టర్ మార్చి 22కీ ఏప్రిల్ 25కీ మధ్య తిరుగుతుంది. 2027లో మార్చి 28, అంటే తొందరగానే వస్తోంది. దాన్నిబట్టి భస్మ బుధవారం (ఈస్టర్‌కు ముందు ఉపవాస కాలం మొదలయ్యే రోజు) ఫిబ్రవరి 10న, మట్టల ఆదివారం మార్చి 21న, గుడ్ ఫ్రైడే మార్చి 26న వస్తాయి. సెలవులు అయ్యీ అవగానే ఈస్టర్ పాటల ప్రాక్టీసు మొదలుపెట్టాలి. తరగతిలో పాత (జూలియన్) క్యాలెండర్ ప్రకారం ఈస్టర్ జరుపుకునే ఆర్థడాక్స్ కుటుంబాలుంటే వాళ్ల ఈస్టర్ అదే ఏడాది మే 2న వస్తుంది, ఆ వారం కూడా వాళ్లను గుర్తుపెట్టుకోండి.

క్రిస్మస్ నాటికకు వేషాలు పంచే వారమే ఉత్తరాలన్నిటిలో కష్టమైనది. ప్రతి బిడ్డా వేదిక ఎక్కాలని నా పట్టుదల, అందుకు సువార్తలే దారి చూపిస్తాయి. తూర్పు దేశపు జ్ఞానులు ఎందరో మత్తయి సువార్తలో లేదు. బంగారం, సాంబ్రాణి, బోళం అని కానుకలు మూడు రకాలున్నాయి అంతే. కాబట్టి ఐదుగురు జ్ఞానులున్నా తప్పులేదు. గొర్రెల కాపరులకూ లెక్క లేదు. లూకా రెండో అధ్యాయంలో దూతతో పాటు పరలోక సైన్యసమూహమే దిగుతుంది కాబట్టి దూతలు ఎంతమందైనా ఉండొచ్చు. ఈ సంగతి వేషాల జాబితాతో పాటే రాయండి. తన బిడ్డ ఐదో జ్ఞాని అని చూసిన తల్లి అప్పుడు చిన్నబుచ్చుకోదు. మాటలు ఉన్న పిల్లలకు వాళ్ల మాటలు విడిగా కాగితం మీద రాసి పంపండి. దుస్తులు ఇంట్లో ఉన్న దుప్పటితోనో పాత బట్టలతోనో అయిపోయేలా ఉండాలి, కొనాల్సిన పని పడకూడదు.

సేవా కార్యక్రమాలకు కూడా ఇదే వర్తిస్తుంది. ఎవరు ఎంత ఇచ్చారో ఎప్పుడూ రాయకండి. ఫొటోలు పెట్టే ముందు అనుమతి పత్రాలు చూసుకోండి.

ఇవన్నీ కలిపితే ఉత్తరం ఇలా వస్తుంది:

*ప్రియమైన తల్లిదండ్రులకు వందనాలు.*

*నవంబర్ 25, బుధవారం, ఉదయం 9 గంటలు: చాపెల్‌లో మన తరగతి పాట. మీరూ రావచ్చు. ఏమీ తేనక్కర్లేదు.*
*నవంబర్ 27, శుక్రవారం: వృద్ధాశ్రమంలోని పెద్దలకు పిల్లలు ఉత్తరాలు రాస్తారు. ఒక ఖాళీ కవరు పంపండి.*
*నవంబర్ 30, సోమవారం: ముందు రోజు అడ్వెంట్ మొదలవుతుంది కాబట్టి తరగతిలో మొదటి కొవ్వొత్తి వెలిగిస్తాం.*

*ఈ వారం లెక్కల్లో కట్టలు విప్పాం. 52లో నుంచి 27 తీయమని పిల్లలకు ఇవ్వండి, పుల్లలు దొరక్కపోతే పెన్సిళ్లు చాలు. చాపెల్‌లో మంచి సమరయుడి కథ విన్నాం. వెళ్లిపోయిన యాజకుడు తర్వాత ఏమయ్యాడని ఒకరు అడిగారు. మీ ఇంట్లో ఏమనుకుంటారో సోమవారం చెప్పి పంపండి.*

*కంఠత వాక్యం వెనక పేజీలో, రోజువారీగా విడగొట్టి ఉంది.*

ఇంతకన్నా పొడుగు వద్దు. ప్రతి వారం అదే రోజు, అదే వేళకు పంపండి. ఒక్క వారం ఆలస్యమైనా తల్లిదండ్రులు సంచిలో వెతకడం మానేస్తారు. పంపే ముందు తేదీలూ వారాలూ సరిపోయాయో లేదో ఇంకో టీచర్‌తో ఒకసారి చూపించుకోండి, మన రాత మన కంటికి ఎప్పుడూ సరిగానే కనిపిస్తుంది.

ఉత్తరాల కాపీలన్నీ ఒకే ఫైల్లో పెట్టి, మార్జిన్‌లో పెన్సిల్‌తో రాసుకోండి: ఏ వాక్యానికి రెండు వారాలు పట్టింది, నాటిక రిహార్సల్స్ ఎప్పుడు మొదలుపెడితే సరిపోయింది, ఏ ప్రశ్నకు ఇళ్ల నుంచి ఎక్కువ జవాబులు వచ్చాయి. వచ్చే ఏడాది ప్లాన్ వేసే రోజు ముందు ఆ ఫైలే తెరవండి.