ఒక్క మిరప కల్లంతో నాలుగు అలంకారాలు

తొమ్మిది, పది తరగతులకు అర్థాలంకారాలు చెప్పేటప్పుడు లక్షణంతో (నిర్వచనంతో) మొదలుపెట్టకండి. లక్షణం బట్టీ పట్టిన పిల్లలు ‘వలె’ కనిపిస్తే ఉపమ, ‘అన్నట్లు’ కనిపిస్తే ఉత్ప్రేక్ష అని రాసేస్తారు. ఆ పోలిక ఎందుకు తెచ్చారన్నది వాళ్లకు పట్టదు.

బోర్డు మీద ‘మిరప కల్లం ఎర్ర దుప్పటిలా పరుచుకుంది’ అని రాయండి. (మీ పిల్లలు కల్లం చూసి ఉండకపోతే వాళ్లు రోజూ చూసేదాన్నే తీసుకోండి.) కింద నాలుగు గడులు గీసి, దేన్ని పోల్చాం, దేనితో పోల్చాం, పోల్చే మాట ఏది, పోలిక ఎందులో అని అడగండి. జవాబులు పిల్లల చేతే చెప్పించి, పేర్లు చివర రాయండి. కల్లం ఉపమేయం, దుప్పటి ఉపమానం, ‘లా’ ఉపమావాచకం, పరుచుకోవడం సమానధర్మం. ఎరుపు అన్న పిల్లలదీ తప్పు కాదు.

ఎక్కువసేపు ఆగాల్సింది నాలుగో గడి దగ్గరే. ‘మా తాత తాటిచెట్టులా ఉంటాడు’ అని రాసి, పోలిక ఎందులో అని అడగండి. పొడుగని ఒకరు, బక్కపలచన అని మరొకరు, ఒంటరివాడని ఇంకొకరు అంటారు. సమానధర్మం చెప్పలేదు కాబట్టి ఇది లుప్తోపమ. నాలుగూ ఉంటే పూర్ణోపమ.

వెంటనే ‘అమ్మ చెప్పినట్లు చేశాను’, ‘నిన్నటిలాగే ఇవాళా వాన పడింది’ ఇవ్వండి. పోలికమాట ఉన్నా, రెండు వేర్వేరు వస్తువులకు అందమైన పోలిక లేదు కాబట్టి ఇవి ఉపమలు కావు. ఈ రెండూ ఇవ్వకుండా ముందుకు వెళ్తే గుడ్డిగా గుర్తుపట్టే అలవాటు పోదు.

ఇప్పుడు అదే కల్లాన్ని మార్చి రాయించండి:

రూపకం: నేల మిరప దుప్పటి కప్పుకుంది. (మిరపే దుప్పటి, రెండిటికీ భేదం లేదు.)
ఉత్ప్రేక్ష: ఆ కల్లం నేల మీద పరిచిన ఎర్ర దుప్పటా అన్నట్లుంది. (ఊహ.)
అతిశయోక్తి: కల్లం ఎరుపు సోకి మబ్బులు ఎర్రబడ్డాయి. (ఉన్నదానికన్నా ఎక్కువ చేసి చెప్పడం.)

‘లా’ తీసేస్తే రూపకమవుతుందని మాత్రం చెప్పకండి. ‘కలువకన్నులు’లో పోలికమాట లేదు, అయినా విగ్రహం (సమాసాన్ని విడదీసి చెప్పే రూపం) ‘కలువల వంటి కన్నులు’ కాబట్టి అందులో ఉన్నది ఉపమే. ‘విద్యాధనం’ విగ్రహం ‘విద్య అనెడు ధనం’, అది రూపకం. సమాసాల పాఠం అయ్యాక అలంకారాలు చెబితే ఈ చిక్కు సగం తగ్గుతుంది.

చివరి పదిహేను నిమిషాలు జంటలుగా కూర్చోబెట్టండి. ఒకరు ఉపమేయం, ఉపమానం మాత్రమే రాసి ఇస్తారు, రెండోవారు సమానధర్మం పూరిస్తారు. రాసినవారు అనుకున్నదీ పూరించినదీ వేరైతే ఉపమానం మార్చాలి. ముఖానికి చంద్రుణ్ణి, కళ్లకు కలువల్ని ఆ రోజుకు నిషేధించండి; లేకపోతే సగం కాగితాల మీద అవే వస్తాయి. దిద్దేటప్పుడు అలంకారం పేరుకు ఒక్క మార్కు చాలు. మిగతావి సమన్వయానికే, అంటే ఆ అలంకారం ఆ వాక్యానికి ఎలా సరిపోతుందో చూపడానికే ఉంచండి.