ఎంఎస్‌కు ఎవరో చెప్పిన మందు: వేసుకునే ముందు తూచి చూడటం ఎలా

ఎమ్మారైలో మచ్చలు కనిపించి మల్టిపుల్ స్క్లెరోసిస్ (ఎంఎస్) అనే నరాల జబ్బని తేలిన ఇంట్లో నెల తిరక్కుండానే సలహాలు మొదలవుతాయి. ఫలానా ఊళ్లో పసరు పోస్తారట, కేరళలో ఏదో చికిత్స ఉందట, స్టెమ్ సెల్స్ ఎక్కించుకుని ఎవరో లేచి నడిచారట. చెప్పేవాళ్లు చాలావరకు మన మేలు కోరేవాళ్లే. అందుకే వాళ్లకు సరే అనాలన్నా, వద్దనాలన్నా చేతిలో ఒక పద్ధతి ఉండాలి.

ముందు జబ్బు తీరు తెలుసుకోవాలి. ఎంఎస్ మొదలైన వందమందిలో దాదాపు 85 మందికి అది వచ్చి పోయే రకంగానే మొదలవుతుంది. రిలాప్స్, అంటే జబ్బు తిరగబెట్టడం, వచ్చినప్పుడు కన్ను మసకబారుతుంది, లేదా కాలు ఈడుస్తుంది. కొన్ని వారాల్లో, ఒక్కోసారి కొన్ని నెలల్లో, ఏ మందూ వాడకపోయినా చాలావరకు తగ్గుతుంది. మనం కొత్త మందు కోసం తిరిగేది ఎప్పుడు? బాగా లేనప్పుడే. అంటే జబ్బు దానంతటది దిగబోయే సమయంలోనే చూర్ణం మొదలవుతుంది, ఆరో వారంలో కాలు లేస్తే పేరు చూర్ణానికి వస్తుంది. పరిశోధనల్లో పోలిక కోసం ఇచ్చే, మందు లేని ఉత్తుత్తి బిళ్ల వేసుకున్నవాళ్లకు కూడా రిలాప్సులు అంతకు ముందు ఏడాదికన్నా తగ్గడం మామూలే. 'మా వదినకు తగ్గింది' అన్న మాట నిజమే కావచ్చు. ఆ మందు వేసుకోకపోతే ఆమెకు ఏమయ్యేదో మాత్రం ఆ మాటలో లేదు.

కాబట్టి 'పనిచేస్తుందా' అని మొదట అడగకండి. 'ఇది మొదలుపెట్టాలంటే నేను ఏం మానాలి' అని అడగండి. అన్నింటికన్నా ముందు అడగాల్సిన ప్రశ్న ఇదే. ఇంగ్లీషు మందులు ఆపితేనే మా మందు ఒంటికి పడుతుంది అన్నారంటే అక్కడితో లేచి వచ్చేయండి. ఫింగోలిమోడ్, నటాలిజుమాబ్ లాంటి ఎంఎస్ మందులు హఠాత్తుగా ఆపితే జబ్బు మునుపటికన్నా తీవ్రంగా తిరగబడవచ్చు, అదీ రెండు మూడు నెలల తర్వాత. ఈలోపు మనిషి హాయిగానే ఉంటారు, మందు మానడమే మంచిదైందని ఇంట్లో అందరూ అనుకుంటారు. తర్వాత వచ్చే దెబ్బకు పోయిన నడక పూర్తిగా తిరిగి రాకపోవచ్చు. ఖర్చు భరించలేకో, దుష్ప్రభావాలు తట్టుకోలేకో మానాలనిపిస్తే ఆ మాట న్యూరాలజిస్టుకే నేరుగా చెప్పండి. మార్చడానికి వేరే మందులున్నాయి, వాటిలో తక్కువ ధరవీ ఉన్నాయి.

రెండో ప్రశ్న, ఇందులో ఏముంది? పొట్లంలో కట్టిచ్చిన పొడి, పేరు రాయని మాత్ర, 'మా వంశ రహస్యం' అన్న కషాయం అయితే ఆలోచించాల్సిన పనే లేదు, వద్దు. కొన్ని పొడుల్లో స్టెరాయిడ్ కలుపుతారు. రిలాప్స్‌కు ఆసుపత్రిలో సెలైన్‌తో ఎక్కించేది కూడా స్టెరాయిడే: మిథైల్ ప్రెడ్నిసొలోన్, రోజుకు గ్రాము చొప్పున మూడు నుంచి ఐదు రోజులు. అందుకే అలాంటి పొడి వేసుకున్న రెండు మూడు రోజుల్లోనే ఒంట్లో సత్తువ వచ్చినట్టుంటుంది. గుర్తులు చూడండి: ఆకలి విపరీతంగా పెరుగుతుంది, రాత్రి నిద్ర పట్టదు, కొన్ని వారాలకు ముఖం గుండ్రంగా ఉబ్బుతుంది, షుగరు పెరుగుతుంది. అనుమానం వస్తే ఒక్కసారిగా ఆపకండి. నెలల తరబడి వాడి ఉంటే ఒంట్లో సహజంగా తయారయ్యే స్టెరాయిడ్ తగ్గిపోయి ఉంటుంది. ఉన్నట్టుండి ఆపితే బీపీ పడిపోయి ప్రాణం మీదికి రావచ్చు. ఆ పొట్లం తీసుకుని డాక్టరు దగ్గరికి వెళ్లండి, ఉదయం పూట కార్టిసాల్ (ఒంట్లో తయారయ్యే ఆ స్టెరాయిడ్) పరీక్ష చేయించి మెల్లగా తగ్గిస్తారు.

భస్మాలు కలిసిన మందుల్లో సీసం, పాదరసం ఉండే వీలుంది. సీసం నరాలనే దెబ్బతీస్తుంది. అప్పుడు వచ్చిన తిమ్మిరి ఎంఎస్ వల్లో, మందు వల్లో తేల్చుకోవడమే కష్టం.

'రోగనిరోధక శక్తి పెంచుతుంది' అన్న మాట వినగానే ఆగండి. ఎంఎస్‌లో ఆ శక్తి తక్కువై జబ్బు రాలేదు. అదే దారి తప్పి నరాల మీది మయెలిన్ పొరను కొరుకుతోంది. దాన్ని ఇంకా రెచ్చగొట్టడం మనకు కావాలా? కోవిడ్ రోజుల్లో ఇంటింటా కషాయం కాచుకున్న తిప్పతీగతో కాలేయం దెబ్బతిన్న కేసులు మన దేశంలోనే నమోదయ్యాయి. ఇంటర్‌ఫెరాన్, టెరిఫ్లునోమైడ్ అనే ఎంఎస్ మందులు వాడేవాళ్లకు కాలేయం మీద అసలే భారం ఉంటుంది కాబట్టి ఇది మరీ ముఖ్యం.

విటమిన్ డి సంగతి వేరు. లోపం ఉంటే సరిచేసుకోవాల్సిందే. కానీ మందుల షాపులో దొరికే 60,000 యూనిట్ల సాషే మామూలుగా వారానికి ఒకటి. దాన్ని రోజుకొకటిగా నెలల తరబడి తాగితే కాల్షియం పెరిగి కిడ్నీలు పాడవుతాయి. విపరీతమైన దాహం, మాటిమాటికీ మూత్రం, మలబద్ధకం, వాంతులు, తికమక మొదలైతే వెంటనే కాల్షియం, క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చెప్పేది) పరీక్షలు చేయించండి. రక్తంలో విటమిన్ డి మిల్లీలీటరుకు 150 నానోగ్రాములు దాటితే విషలక్షణాల హద్దులో ఉన్నట్టే.

ఇక రుజువు సంగతి. మెడ సిరల కథ తెలిస్తే మిగతావన్నీ అంచనా వేయడం సులువు. 2009లో ఇటలీలోని ఫెరారాకు చెందిన వైద్యుడు పావ్లో జాంబోనీ, మెదడు నుంచి రక్తం దిగే సిరలు ఇరుకైపోవడం వల్లే ఎంఎస్ వస్తుందని, వాటిలో బెలూన్ పెట్టి వెడల్పు చేస్తే మేలు జరుగుతుందని ప్రకటించారు. కెనడా నుంచి రోగులు మన దేశంతో సహా ఎన్నో చోట్లకు వెళ్లి చేయించుకున్నారు. 2012లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ హెచ్చరిక ఇచ్చేనాటికి స్టెంట్లు జారిపోవడం, పక్షవాతం, మరణాలు కూడా నమోదై ఉన్నాయి. చివరికి కెనడాలో 104 మందిని రెండుగా విడదీసి, సగం మందికి బెలూన్, సగం మందికి బెలూన్ ఊదకుండా ఉత్తుత్తి ప్రక్రియ చేశారు. 2017లో తేలిందేమిటంటే రెండు గుంపుల మధ్య తేడా లేదు. అదే ఏడాది జాంబోనీ స్వయంగా నడిపిన అధ్యయనం కూడా ఇది పనికిరాదనే చెప్పింది. ఆయన దాన్ని దాచకుండా ప్రచురించారు, అది గౌరవించాల్సిన విషయం.

బయోటిన్ అనే బి విటమిన్ కథ ఇంకో పాఠం. రోజుకు 300 మిల్లీగ్రాములు ఇచ్చి చూసిన మొదటి పెద్ద అధ్యయనంలో, 2016లో, మందు వాడినవాళ్లలో దాదాపు 13 శాతం మెరుగుపడ్డారు, ఉత్తుత్తి బిళ్లవాళ్లలో ఒక్కరూ లేరు. ఎంత ఆశ! 2020లో 642 మందితో మళ్లీ చేస్తే మందు వాడినవాళ్లలో 12 శాతం, ఉత్తుత్తి బిళ్లవాళ్లలో 9 శాతం మెరుగుపడ్డారు, అది కాకతాళీయం అనుకోదగ్గ తేడా. పైగా అంత బయోటిన్ రక్తపరీక్షలను తప్పుదోవ పట్టిస్తుంది. థైరాయిడ్ లేకపోయినా ఉన్నట్టు, గుండెపోటు వచ్చినా దాన్ని పట్టిచ్చే ట్రోపోనిన్ తక్కువగా ఉన్నట్టు చూపించగలదు. అందుకని ఎవరైనా అధ్యయనం చూపిస్తే నాలుగే చూడండి: పోల్చడానికి రెండో గుంపు ఉందా, ఎవరికి ఏ మందో రోగికీ డాక్టరుకూ తెలియకుండా ఉంచారా, ఎంతమంది, వేరేవాళ్లు మళ్లీ చేస్తే అదే వచ్చిందా. తేనెటీగల విషంతో డచ్చివాళ్లు 26 మందిపై చేసిన పోలికలో లాభమేమీ కనిపించలేదు. కుట్టించుకుంటే ఊపిరాడని అలర్జీ ప్రమాదం మాత్రం ఖాయంగా ఉంది.

స్టెమ్ సెల్స్ అంటే రెండు వేరువేరు పనులు. ఒకటి, మన కణాలే తీసి దాచి, బలమైన కీమోతో రోగనిరోధక వ్యవస్థను తుడిచి, తిరిగి ఎక్కించడం. తీవ్రమైన ఎంఎస్‌లో ఎంపిక చేసినవాళ్లకు పెద్ద ఆసుపత్రుల్లో చేస్తారు, ప్రాణాపాయం కొంత ఉంది. రెండోది, క్లినిక్‌లో కీమో లేకుండా సెలైన్‌లాగానో వెన్నులోకో ఎక్కించేది. దీన్ని అధ్యయనం బయట ఇవ్వడాన్ని ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) మార్గదర్శకాలు ఒప్పుకోవు. 'ఇది ట్రయల్' అంటే సీటీఆర్ఐ (దేశంలోని ట్రయల్స్ నమోదయ్యే జాబితా) నంబరు అడిగి ఆ వెబ్‌సైట్‌లో వెతకండి. ట్రయల్ అంటూనే డబ్బు కట్టమంటే నమ్మకండి.

పంచకర్మకు వెళ్తే ఒక్క జాగ్రత్త. ఒంటి వేడి అర డిగ్రీ పెరిగినా దెబ్బతిన్న నరంలో సంకేతం ఆగి, చూపు మసకబారవచ్చు, కాళ్లు చచ్చుబడవచ్చు. చల్లబడితే మామూలవుతుంది, కానీ ఆవిరి గదిలో ఒంటరిగా పడిపోతే? తిమ్మిరి ఉన్నచోట నూనె కాలుతున్నా తెలియదు. ఆవిరి వద్దని, నూనె గోరువెచ్చగానే ఉండాలని ముందే చెప్పండి, వేడిని మీ ఇంటివాళ్లనే చేత్తో చూడమనండి. మెడ విరిచే వైద్యం మాత్రం ఏ పరిస్థితిలోనూ వద్దు.

ఇంత చూశాక కూడా, హాని లేనిదేదో వాడి చూడాలనిపిస్తే లెక్కగా చూడండి. మొదలుపెట్టే ముందు నాలుగు వారాలు కొలతలు రాయండి. వరండాలో టేపుతో 7.6 మీటర్లు కొలిచి రెండు చివర్లా సుద్దగీత గీయండి. వారానికి రెండు రోజులు, ఒకే వేళకు, అవే చెప్పులతో, పడిపోకుండా ఎంత వేగంగా నడవగలరో అంత వేగంగా నడిచి ఫోన్‌లో సెకన్లు చూడండి. రెండుసార్లు నడిచి సగటు రాయండి. చేతి వేగం కొలవడానికి తొమ్మిది చింతగింజలు చాలు, ఒక గిన్నెలోంచి ఇంకో గిన్నెలోకి ఒక్కొక్కటిగా వేస్తూ కొలవండి. మొదటి మూడు రోజుల లెక్క కొట్టేయండి, చేయి అలవాటు పడటం వల్లే అప్పుడు వేగం పెరుగుతుంది. నడక కాలం అయిదో వంతు మారితేనే మార్పు అనుకోండి: 8 సెకన్లు ఉన్నది 6.4కు దిగాలి. జ్వరం, మూత్రంలో ఇన్ఫెక్షన్ ఉన్న రోజులు లెక్కలోకి రావు.

ఒకేసారి రెండు కొత్తవి మొదలుపెట్టకండి. ఆపే తేదీ మొదటిరోజే క్యాలెండర్‌లో రాసి, నెలకు ఎంత ఖర్చు దాటకూడదో కూడా పక్కనే రాయండి. మొదలుపెట్టేముందు, మళ్లీ నెలకు లివర్, క్రియాటినిన్ పరీక్షలు చేయించండి. కళ్లు పచ్చబడినా, మూత్రం ముదురురంగుకు తిరిగినా అదేరోజు ఆపి డాక్టరును కలవండి. ఇక్కడ ఆపమంటున్నది ఈ కొత్త మందునే, ఎంఎస్ మందును కాదు. కొత్త లక్షణం ఏదైనా 24 గంటలు దాటి నిలిస్తే రిలాప్స్ కావచ్చు, గడువు దాకా ఆగకుండా న్యూరాలజిస్టుకు ఫోన్ చేయండి. డబ్బా, చీటీ, బిల్లు పారేయకండి. ఏది ఎంత వేసుకున్నారో డాక్టరుకు అవే చెబుతాయి.