బ్రాంచ్‌లు ఎన్నున్నా డేటాబేస్ ఒక్కటే: గిట్‌తో స్కీమా మైగ్రేషన్లు ఎలా నడపాలి?

కోడ్ మార్పుల చరిత్ర దాచే గిట్‌లో పాత కమిట్‌కి (అప్పట్లో సేవ్ చేసిన స్థితికి) వెళ్తే కోడ్ ఆ రోజు ఎలా ఉందో అలాగే వచ్చేస్తుంది. డేటాబేస్ అలా రాదు. నిన్న తీసేసిన కాలమ్‌లోని ఫోన్ నంబర్లను ఏ చెకౌట్ కమాండూ తెచ్చివ్వదు. 2005లో వచ్చిన గిట్, మెర్క్యూరియల్ రెండింటిలోనూ ప్రతి డెవలపర్ దగ్గరా చరిత్ర మొత్తం ఉంటుంది, ఎవరి బ్రాంచ్‌లో (కోడ్‌కి విడి శాఖలో) వాళ్లు పని చేసుకోవచ్చు. ప్రొడక్షన్ (అసలు యూజర్లు వాడే) డేటాబేస్ మాత్రం ఒక్కటే, అది ముందుకే నడుస్తుంది. ఈ రెండింటినీ పొత్తు కుదిర్చే పద్ధతి ఇది. ఉదాహరణలు పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌వి, కానీ వరుస ఎక్కడైనా ఇదే.

1. మార్పుకో ఫైలు, కోడ్‌తో పాటే కమిట్

స్కీమా (టేబుళ్లు, కాలమ్‌ల నిర్మాణం) మార్చడానికి ఎవరూ డేటాబేస్‌లోకి నేరుగా లాగిన్ కాకూడదు. ప్రాజెక్టులో మైగ్రేషన్స్ అనే ఫోల్డర్ పెట్టి ఒక్కో మార్పుకి ఒక్కో ఫైలు రాయండి. ఆ ఫైలే మైగ్రేషన్. కొత్త కాలమ్‌ని వాడే కోడ్ ఏ బ్రాంచ్‌లో ఉంటే దాని ఫైలు కూడా అదే బ్రాంచ్‌లో ఉండాలి.

వీటిని నడిపే టూల్ వెబ్ ఫ్రేమ్‌వర్క్‌లైన రెయిల్స్‌లో, 1.7 వెర్షన్ నుంచి జాంగోలో లోపలే ఉంది. పైథాన్‌లో ఎస్‌క్యూఎల్ ఆల్కెమీ వాడేవాళ్లకి అలెంబిక్, జావా వాళ్లకి ఫ్లైవే, లిక్విబేస్ ఉన్నాయి. ఏది తీసుకున్నా లోపల జరిగేది ఒకటే. డేటాబేస్‌లోనే ఒక చిన్న టేబుల్ పెట్టుకుని, ఏ మైగ్రేషన్లు నడిచాయో అందులో రాసుకుంటుంది. మైగ్రేట్ చేయమనగానే ఫోల్డర్‌ని ఆ టేబుల్‌తో పోల్చి, మిగిలినవి నడుపుతుంది. రెయిల్స్‌లో ఆ టేబుల్ పేరు స్కీమా_మైగ్రేషన్స్. ఒక్కసారి తెరిచి చూడండి, టూల్ మీద ఉన్న భయం సగం పోతుంది.

2. పేరు ముందు 1, 2, 3 వద్దు, టైమ్ పెట్టండి

ఇద్దరు వేరువేరు బ్రాంచ్‌లలో పని చేస్తుంటే ఇద్దరి తర్వాతి ఫైలూ 15 నంబరే అవుతుంది. రెయిల్స్ ఈ ఇబ్బంది చూసే 2008లో, 2.1 వెర్షన్‌లో, వరుస నంబర్లు వదిలి తేదీ, టైమ్ వాడడం మొదలుపెట్టింది. మీరు చేత్తో పేర్లు పెడుతుంటే అందరూ యూటీసీ టైమే (ప్రపంచమంతటికీ ఒకటే టైమ్) వాడాలని ముందే అనుకోండి. సగం టీమ్ హైదరాబాద్‌లో, సగం డల్లాస్‌లో ఉంటే రెండు గడియారాలకీ ఎండాకాలంలో పదిన్నర గంటలు, చలికాలంలో పదకొండున్నర గంటలు తేడా. ఎవరి లోకల్ టైమ్ వాళ్లు పెడితే ముందు రాసింది వెనకా, వెనక రాసింది ముందూ నడుస్తుంది.

3. పుష్ చేసిన ఫైలుని మళ్లీ ముట్టుకోవద్దు

మీ మెషీన్ దాటనంతవరకు ఫైలుని ఎన్నిసార్లైనా దిద్దండి. ఒకసారి అందరి బ్రాంచ్‌లోకి వెళ్లాక అది ఎవరి డేటాబేస్‌లో నడిచిందో మీకు తెలియదు. అప్పుడు దిద్దితే, ఇదివరకే నడిపినవాళ్లకి ఆ మార్పు ఎప్పటికీ చేరదు, ఎందుకంటే వాళ్ల టేబుల్‌లో అది అయిపోయినట్టు రాసి ఉంది. ఫ్లైవే ప్రతి ఫైలుకీ చెక్‌సమ్ (అందులోని రాత నుంచి లెక్కగట్టిన గుర్తు) దాచుకుని, అక్షరం మారినా ఆగిపోతుంది. ఆ ఎర్రర్ వచ్చినప్పుడు రిపేర్ కమాండ్ కొట్టి ముందుకు పోవాలనిపిస్తుంది. పోవద్దు. రిపేర్ చేసినంత మాత్రాన స్కీమా మారదు, చెక్‌సమ్ మాత్రమే మారుతుంది. ఖాతా పుస్తకంలో తప్పు పడితే కొట్టేయకుండా సరిచేసే పద్దు ఇంకోటి రాసినట్టు, కొత్త మైగ్రేషన్ రాయండి.

4. మెర్జ్ సాఫీగా అయిందని నమ్మేయొద్దు

అసలు చిక్కు ఇక్కడే ఉంది. స్కూల్ ఫీజుల సాఫ్ట్‌వేర్ ఒకటి అనుకుందాం. స్టూడెంట్స్ టేబుల్‌లో ఫోన్ అనే కాలమ్ ఉంది. సోమవారం ఉదయం పదింటికి హైదరాబాద్ డెవలపర్ 20250310043000 టైమ్‌తో ఒక మైగ్రేషన్ రాశారు: పేరెంట్_ఫోన్ అనే కాలమ్ చేర్చి, ఫోన్‌లో ఉన్న నంబరు అందులోకి కాపీ చేయడం. మంగళవారం మధ్యాహ్నం మూడింటికి డల్లాస్ డెవలపర్ 20250311200000 టైమ్‌తో ఇంకోటి రాశారు: నంబర్లన్నీ కాంటాక్ట్స్ అనే కొత్త టేబుల్‌కి తరలించి, స్టూడెంట్స్‌లోంచి ఫోన్ కాలమ్ తీసేయడం.

డల్లాస్ బ్రాంచ్ ముందు మెయిన్‌లో మెర్జ్ అయి (కలిసి), బుధవారం ప్రొడక్షన్‌కి వెళ్లింది. హైదరాబాద్ బ్రాంచ్ రివ్యూ శుక్రవారం దాకా పట్టింది. రెండూ వేరువేరు ఫైళ్లు కాబట్టి గిట్‌కి ఏ కాన్‌ఫ్లిక్టూ కనబడదు. ఖాళీ డేటాబేస్ మీద నడిపితే టైమ్ వరుసలో సోమవారంది ముందు, మంగళవారంది తర్వాత. రెండూ చక్కగా నడుస్తాయి, టెస్టులన్నీ పాస్. ప్రొడక్షన్‌లో మాత్రం మంగళవారంది ఇప్పటికే నడిచిపోయింది. ఇప్పుడు సోమవారంది వెళ్లి లేని ఫోన్ కాలమ్‌ని అడుగుతుంది, డెప్లాయ్ (కొత్త వెర్షన్‌ని సర్వర్ మీద పెట్టడం) అక్కడే ఆగిపోతుంది.

టూళ్లు దీన్ని తలో రకంగా చూస్తాయి. ఫ్లైవేలో మామూలు సెట్టింగ్ మీద, వెనకబడిన ఫైలు కనబడితే ఆగిపోతుంది. అవుటాఫ్ ఆర్డర్ ఆన్ చేస్తే నడుపుతుంది, కానీ ఆ సెట్టింగ్ అలా వదిలేస్తే ఫ్లైవే చేసే కాపలా పోయినట్టే. జాంగో, అలెంబిక్ టైమ్ చూడవు. ఏ మైగ్రేషన్ దేని తర్వాతదో ఆ ఫైలులోనే రాసి ఉంటుంది. రెండు కొసలు కనబడితే ఆగి చెప్తాయి, మెర్జ్ మైగ్రేషన్ తయారు చేసే కమాండ్ కూడా ఇస్తాయి. ఆ మెర్జ్ ఫైలు మామూలుగా ఖాళీగానే ఉంటుంది. రెండు కొసల్నీ ముడివేస్తుందే తప్ప, ఆ రెండు మార్పులూ ఒకదానికొకటి సరిపోతాయో లేదో చూడదు. అది మనమే చూడాలి.

కాబట్టి మెర్జ్ చేసే ముందు, ఇంకా అందరి బ్రాంచ్‌లోకి వెళ్లని మీ మైగ్రేషన్‌ని వరుసలో చివరికి తీసుకురండి. ముందుగా మీ లోకల్ డేటాబేస్‌లో దాన్ని రోల్‌బ్యాక్ చేయండి (వెనక్కి తీసేయండి). ఈ పని మర్చిపోతే పేరు మార్చిన ఫైలు కొత్తదనుకుని, ఇప్పటికే ఉన్న కాలమ్‌ని మళ్లీ చేర్చబోతుంది. తర్వాత మెయిన్ బ్రాంచ్ మీద రీబేస్ చేసి (మీ కమిట్లని దాని చివర పేర్చి), ఫైలు పేరులో ఇప్పటి టైమ్ పెట్టి, మళ్లీ నడపండి. పై ఉదాహరణలో ఎర్రర్ ఇక్కడే, మీ మెషీన్ మీదే బయటపడుతుంది. నంబరు కాంటాక్ట్స్ టేబుల్‌లోంచి తీసుకునేలా మార్చుకుంటే సరిపోతుంది.

రెయిల్స్ వాళ్లకి ఒక మాట. స్కీమా ఫైలులో కాన్‌ఫ్లిక్ట్ వస్తే చేత్తో కలపకండి. మెయిన్‌లో ఉన్న కాపీ తీసుకుని మైగ్రేట్ చేస్తే అది మళ్లీ తయారవుతుంది.

5. బ్రాంచ్ మారితే డేటాబేస్ కూడా మార్చండి

లోకల్‌లో ఒకే డేటాబేస్ పెట్టుకుని బ్రాంచ్‌లు మారుతుంటే, ఈ బ్రాంచ్‌లో లేని కాలమ్‌లు అందులో మిగిలిపోతాయి. బ్రాంచ్‌కో డేటాబేస్ పెట్టుకోవడం మేలు. పోస్ట్‌గ్రెస్‌లో క్రియేట్ డేటాబేస్ కమాండ్‌కి టెంప్లేట్‌గా మీ పాత డేటాబేస్ పేరు ఇస్తే డేటాతో సహా కాపీ వస్తుంది. ఆ సమయంలో పాత డేటాబేస్‌కి వేరే కనెక్షన్లేవీ ఉండకూడదు, అప్లికేషన్ ఆపేసి చేయండి.

6. సీఐలో (టెస్టులు దానంతటవే నడిచే చోట) రెండు దారులూ నడపండి

ఖాళీ డేటాబేస్ మీద అన్ని మైగ్రేషన్లూ నడపడం ఒక దారి. అది చాలదని పైన చూశాం. రెండో దారికి ప్రొడక్షన్ నుంచి స్కీమా మాత్రమే డంప్ (కాపీ) తీసుకోండి, దాంతో పాటు మైగ్రేషన్ల టేబుల్‌లోని ఎంట్రీలు కూడా తెచ్చుకోండి. ఆ ఎంట్రీలు లేకపోతే టూల్ అన్నింటినీ మొదటి నుంచి నడపబోతుంది. ఆ కాపీ మీద కొత్తవి మాత్రమే నడిపి, చివరికి రెండు స్కీమాల్నీ పోల్చండి. కాలమ్‌ల వరుస అటూ ఇటూ ఉంటే ఫర్వాలేదు. కాలమ్, ఇండెక్స్, కన్‌స్ట్రెయింట్ ఒకవైపు ఉండి మరోవైపు లేకపోతే మెర్జ్ ఆపాలి.

7. ప్రొడక్షన్‌లో: ముందు చేర్చండి, తీసేయడం చివర్లో

డెప్లాయ్ జరిగే కాసేపు పాత కోడ్, కొత్త కోడ్ రెండూ ఒకే డేటాబేస్‌తో మాట్లాడతాయి. అందుకే కాలమ్ పేరు మార్చాలంటే ఒక్క దెబ్బలో మార్చకూడదు. కొత్త కాలమ్ చేర్చండి, కోడ్ రెండింటిలోనూ రాసేలా చేయండి, పాత డేటాని విడతలుగా కాపీ చేయండి, చదవడం కొత్తదాంట్లోంచి మొదలుపెట్టండి. ఇదంతా కొన్ని రోజులు నిలకడగా నడిచాక వేరే రిలీజ్‌లో పాతది తీసేయండి.

ఆల్టర్ టేబుల్‌కి గట్టి లాక్ కావాలి. ముందు ఏదో రిపోర్ట్ క్వెరీ నడుస్తుంటే అది ఆగి ఎదురుచూస్తుంది, దాని వెనక వచ్చే మామూలు క్వెరీలన్నీ క్యూ కడతాయి. మైగ్రేషన్ మొదట్లో లాక్ టైమౌట్ కొన్ని సెకన్లు పెట్టుకుంటే, లాక్ దొరకనప్పుడు మైగ్రేషన్ ఆగుతుంది, సైట్ ఆగదు. డిఫాల్ట్ విలువ మారనిదైతే, దాంతో కాలమ్ చేర్చినా పోస్ట్‌గ్రెస్ 11 నుంచి టేబుల్ మొత్తం తిరగరాయదు. పెద్ద టేబుల్ మీద ఇండెక్స్ కన్‌కరెంట్లీ అని వేయాలి. అది ట్రాన్సాక్షన్ లోపల నడవదు కాబట్టి విడి ఫైలులో పెట్టండి. మధ్యలో ఫెయిలైతే పనికిరాని ఇండెక్స్ మిగిలిపోతుంది, దాన్ని తీసేసి మళ్లీ వేయాలి.

మైఎస్‌క్యూఎల్ వాడుతుంటే ఇంకాస్త జాగ్రత్త. అక్కడ ఒక్కో ఆల్టర్‌కీ కమిట్ దానంతటదే అయిపోతుంది. నాలుగు మార్పుల ఫైలు మూడో దాని దగ్గర ఆగితే మొదటి రెండూ ఉండిపోతాయి. ఫైలుకి ఒక్క మార్పే రాయండి.

8. గిట్ రివర్ట్ కొట్టే ముందు

రిలీజ్ బాగోలేదని కమిట్‌ని రివర్ట్ చేస్తే కోడ్‌తో పాటు మైగ్రేషన్ ఫైలు కూడా మాయమవుతుంది. డేటాబేస్‌లో ఆ కాలమ్ ఉంటుంది, మైగ్రేషన్ల టేబుల్‌లో దాని పేరూ ఉంటుంది, ఫోల్డర్‌లో మాత్రం ఫైలు ఉండదు. అందుకే కోడ్ వరకే రివర్ట్ చేసి ఫైలుని ఉంచండి. కాలమ్ నిజంగా అక్కర్లేదనిపిస్తే, తర్వాత తీరిగ్గా దాన్ని తీసేసే కొత్త మైగ్రేషన్ రాయండి. డౌన్ మైగ్రేషన్ (చేసిన మార్పుని వెనక్కి తీసేది) లోకల్‌లో ఎంతో ఉపయోగం. ప్రొడక్షన్‌లో నడిపితే మాత్రం, కాలమ్ చేర్చాక వచ్చిన డేటా అంతా పోతుంది. నడపక తప్పదంటే ముందు బ్యాకప్ తీసి, దాన్ని వేరే సర్వర్ మీద రీస్టోర్ చేసి చూసుకోండి.