3.3 వోల్టుల బోర్డు, 5 వోల్టుల ఎల్‌ఈడీ పట్టీ: మధ్యలో ఏ చిప్?

ఈఎస్‌పీ32 మైక్రోకంట్రోలర్ బోర్డుకు డబ్ల్యూఎస్2812బీ ఎల్‌ఈడీ పట్టీని నేరుగా కలిపితే ఒక్కోసారి చక్కగా వెలుగుతుంది, ఒక్కోసారి రంగులు చిందరవందర అవుతాయి. ప్రోగ్రామును అనుమానించే ముందు వోల్టేజీ చూడండి. 5 వోల్టులతో నడిచే ఆ పట్టీ తన సరఫరాలో 0.7 వంతు, అంటే 3.5 వోల్టులు డేటా తీగ మీద అందితేనే దాన్ని కచ్చితంగా డిజిటల్ ‘1’గా గుర్తిస్తుంది. బోర్డు ఇచ్చేది 3.3 మాత్రమే.

మధ్యలో 74ఏహెచ్‌సీటీ125 అనే బఫర్ చిప్ (సిగ్నల్‌ను అందుకుని తిరిగి బయటికి పంపేది) పెట్టండి. 5 వోల్టుల సరఫరా మీద నడుస్తూ కూడా అది 2 వోల్టులనే ‘1’గా తీసుకుని, దాదాపు పూర్తి 5 వోల్టులు బయటికి పంపుతుంది. కొనేటప్పుడు పేరులో ‘టీ’ అక్షరం ఉందో లేదో తప్పక చూడండి. 74హెచ్‌సీ125కి కూడా 3.5 వోల్టులే కావాలి కాబట్టి దానితో ప్రయోజనం లేదు. ఎనేబుల్ పిన్‌ను (అవుట్‌పుట్‌ను ఆన్ చేసే పిన్), వాడని ఇన్‌పుట్లను గ్రౌండ్‌కు కలపండి. సరఫరా పిన్ పక్కనే 0.1 మైక్రోఫారడ్ కెపాసిటర్ ఉంచండి.

వోల్టేజీ స్థాయి మార్చడానికే చవకగా దొరికే బీఎస్‌ఎస్138 మాడ్యూల్ ఇక్కడ వద్దు. అందులో సిగ్నల్‌ను పైకి లాగేది 10 కిలోఓమ్‌ల రెసిస్టర్, 0.4 మైక్రోసెకన్ల పల్స్‌ను అందుకోవడం దానికి కష్టం. ఐ2సీ (రెండు తీగలతో డేటా పంపుకునే పద్ధతి) సెన్సార్లకైతే ఆ మాడ్యూలే సరైనది. అక్కడ డేటా ఒకే తీగ మీద రెండు వైపులా నడవాలి, 74ఏహెచ్‌సీటీ125 ఒక్క వైపే పంపుతుంది.