చక్రాల ఇంట్లో ఇంటర్నెట్ – 3వ పాఠం: గీతలు కాదు, అంకెలు

గత పాఠంలో మీ ఇంటిల్లిపాదికీ నెలకు ఎంత డేటా ఖర్చవుతుందో లెక్క రాయమన్నాను. రాసినవాళ్ళకు ఈపాటికి ఒక సంగతి తెలిసే ఉంటుంది: ఆఫీసు పని తినేది కొంచెం, సాయంత్రం సినిమాలు తినేది బోలెడు. నెట్‌ఫ్లిక్స్ హెచ్‌డీలో పెడితే గంటకు 3 జీబీ దాకా, 4కేలో 7 జీబీ దాకా లాగుతుంది. ఆ కాగితాన్ని పారేయకండి, ఐదో పాఠంలో మళ్ళీ తీస్తాం. ఇవాళ ప్లాన్ల జోలికి పోవడం లేదు. బండి ఎక్కడ ఆపాలి? పాఠమంతా ఈ ఒక్క ప్రశ్న గురించే.

ఆర్వీలో, అంటే ఇల్లులా కట్టిన బండిలో, తిరుగుతూ ఉద్యోగం చేద్దామనుకునేవాళ్ళు ముందు పరికరాలు కొని, తరువాత చోటు వెతుక్కుంటారు. నేనూ అలాగే మొదలుపెట్టాను. పైకప్పు మీద యాంటెన్నా, లోపల సిగ్నల్‌ను పెంచే బూస్టర్, దాని పక్కన రౌటర్. అన్నీ ఉన్నా, యూటాలో మోయాబ్ దగ్గర ఒక సోమవారం ఉదయం ఎనిమిదింటి మీటింగులో నా బొమ్మ నోరు తెరిచి అలాగే బిగుసుకుపోయింది.

ఆ వేసవికి మా అమ్మానాన్నలు తెనాలి నుంచి వచ్చి ఉన్నారు. ముందు రోజు రాత్రి కొలరాడో నది పక్కన, 128వ నంబరు రోడ్డు మీద, ఎర్ర కొండల మధ్య లోయలో ఆగాం. అంత అందమైన చోటు మళ్ళీ దొరకదు. ఫోను మాత్రం పలకలేదు. రెండు పక్కలా నిటారుగా రాతి గోడలుంటే టవర్ ఎంత దగ్గరలో ఉన్నా ఒకటే. పొద్దున్నే లేచి పీఠభూమి మీదికి ఎక్కి ఒక క్యాంప్‌గ్రౌండ్‌లో బండి ఆపాను. ఫోనులో రెండు సిగ్నల్ గీతలు కనిపించాయి. చాలనుకున్నాను. అవతలివాళ్ళ మాటలు నాకు వినిపించాయి, నా మాట వాళ్ళకు అందలేదు. మీటింగ్ అయ్యాక నాన్నగారు నా ఫోను అందుకుని అడిగారు: "ఇంతకీ ఈ గీతలు ఎవరు గీస్తారు?"

ఇది సరైన ప్రశ్న. ఫోను తయారు చేసిన కంపెనీయే గీస్తుంది. ఎంత సిగ్నల్‌కు ఎన్ని గీతలు చూపాలో అందరికీ వర్తించే కొలత లేదు. ఒకే చోట, ఒకే నెట్‌వర్క్‌లో, నా ఫోను రెండు చూపిస్తే మా ఆవిడ ఫోను నాలుగు చూపించవచ్చు. ఆ గీతలను చూసి బండి ఆపడమంటే ఉడికిందో లేదో మెతుకు పట్టి చూడకుండా అన్నం వార్చడమే.

గీతల వెనక అసలు అంకె ఒకటి ఉంటుంది. దాని పేరు ఆర్‌ఎస్‌ఆర్‌పీ, అంటే టవర్ నుంచి మీ ఫోనుకు చేరిన సిగ్నల్ బలం. ఆండ్రాయిడ్ ఫోన్లలో సెట్టింగ్స్‌లోని ఫోను వివరాలలో సిమ్ స్టేటస్ దగ్గర ఇది దొరుకుతుంది. ఐఫోనులో కాల్ చేసే చోట *3001#12345#* కొట్టి డయల్ చేస్తే పరీక్ష తెర తెరుచుకుంటుంది. అంకె ఎప్పుడూ రుణాత్మకంగానే ఉంటుంది: -85, -98, -112 ఇలా. కొత్తవాళ్ళు ఇక్కడే తడబడతారు. దీన్ని అప్పులాగా చూడండి. 112 అప్పు ఉన్నవాడికన్నా 98 అప్పు ఉన్నవాడు మెరుగు. ఆండ్రాయిడ్‌లో పక్కనే ఏఎస్‌యూ అని ఇంకో అంకె ఉంటే కంగారు పడకండి. 4జీలో దాంట్లోంచి 140 తీసేస్తే మళ్ళీ మన అంకే వస్తుంది: 42 లోంచి 140 పోతే -98.

ఈ అంకెలు డెసిబెల్ లెక్కలో ఉంటాయి కనుక మామూలు కూడికలా చదవకూడదు. 3 పెరిగితే సిగ్నల్ బలం రెట్టింపు, 10 పెరిగితే పదింతలు. -100 అంటే ఎంతో తెలుసా? ఒక మిల్లీవాట్‌ను వెయ్యి కోట్ల భాగాలు చేస్తే అందులో ఒక భాగం. అంత నలుసుతో ఫోను బొమ్మలు ఆడిస్తోందంటే నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే. నా అనుభవంలో -95 కన్నా మెరుగ్గా ఉంటే నిశ్చింతగా పని చేసుకోవచ్చు. -105 దాకా నెట్టుకురావచ్చు. -110 కన్నా దిగజారితే ఈమెయిళ్ళు చదువుకోవడానికి తప్ప మీటింగులకు పనికిరాదు. -120 దగ్గర ఫోను ఊపిరి పట్టుకుని వేలాడుతూ ఉంటుంది.

ఈ ఒక్క అంకెతో కూడా సరిపోదు. దీనికి తోడు ఎస్‌ఐఎన్‌ఆర్ అని ఇంకొకటి చూడాలి. పెళ్ళి పందిట్లో సన్నాయి మేళం పక్కన కూర్చుని మాట్లాడుతున్నారనుకోండి. ఎదుటి మనిషి ఎంత గట్టిగా మాట్లాడుతున్నాడన్నది ఆర్‌ఎస్‌ఆర్‌పీ. ఆ మేళంలో మీకు ఎంత తెలిసి వస్తోందన్నది ఎస్‌ఐఎన్‌ఆర్. 20 దాటితే భేషుగ్గా ఉన్నట్టు, 10 పైన ఉంటే బాగున్నట్టు, సున్నా కిందికి పోతే గోలలో మాట మునిగిపోయినట్టు. -98 దగ్గర ఎస్‌ఐఎన్‌ఆర్ 1 ఉన్న చోటు కన్నా, -106 దగ్గర 12 ఉన్న చోటే నేను ఎంచుకుంటాను. ఆండ్రాయిడ్ సిమ్ స్టేటస్‌లో ఈ అంకె సాధారణంగా కనిపించదు. హాట్‌స్పాట్ పరికరం (సిమ్ వేసి వైఫై పంచే చిన్న డబ్బా) ఉన్నవాళ్ళు దాని సెట్టింగుల పేజీ తెరిస్తే సాధారణంగా రెండూ పక్కపక్కనే ఉంటాయి.

ఇక మోయాబ్‌లో ఆ రోజు చేసిన పని చెబుతాను. పాఠంలో అసలు ముక్క ఇదే. బ్యాటరీతో నడిచే హాట్‌స్పాట్‌ను ఒక చేతిలో, ఆ పేజీ తెరిచిన ఫోనును ఇంకో చేతిలో పెట్టి నాన్నగారిని నడవమన్నాను. నేను బల్ల దగ్గర కాగితం మీద బండిని, చెట్లను, రోడ్డును గీసుకుని కూర్చున్నాను. బండి లోపల, మంచం దగ్గర: -117, ఎస్‌ఐఎన్‌ఆర్ -2. బండి తలుపు బయట: -108, 3. అంటే మా బండి అల్యూమినియం రేకే తొమ్మిది డెసిబెళ్ళు మింగేసింది. బండి వెనక: -111. తూర్పుగా ఇరవై అడుగులు వేసి జునిపర్ చెట్టు దాటాక: -99, 11. "ఇక్కడ తొంభై తొమ్మిది" అని అరిచి, అలవాటు కొద్దీ ఒక అడుగు ముందుకు వేసి, "ఆ, పోయింది, నూట నాలుగు" అన్నారు. మా అమ్మ నవ్వు ఆపుకోలేకపోయింది. 1980లలో మేడ మీద ఇనప గొట్టం పట్టుకుని దూరదర్శన్ యాంటెన్నా తిప్పుతూ "వచ్చిందా?" అని ఆయన కేకలు పెట్టడం, కింద నుంచి ఆమె "వచ్చింది, వచ్చింది... పోయింది" అనడం ఇద్దరికీ గుర్తొచ్చింది.

ఒక్క అడుగుకే అంత తేడా ఎందుకు వస్తుంది? టవర్ నుంచి వచ్చే తరంగం నేరుగా ఒకసారి, రాళ్ళకు తగిలి ఇంకోసారి, పక్క బండి రేకుకు తగిలి మరోసారి మీ దగ్గరికి వస్తుంది. ఇవి ఒకచోట కలిసి బలపడతాయి, ఇంకోచోట ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. 700 మెగాహెర్ట్జ్ తరంగం పొడవు సుమారు 43 సెంటీమీటర్లు, అంటే ఇంచుమించు ఒక మూర. 2.5 గిగాహెర్ట్జ్‌లో అయితే 12 సెంటీమీటర్లు, అర జానెడు. అందుకే మూరెడు జరిగినా లెక్క మారిపోతుంది. కొలిచేటప్పుడు ప్రతి చోటా అర నిమిషం ఆగండి. ఎయిర్‌ప్లేన్ మోడ్ ఒకసారి వేసి తీయండి. లేకపోతే ఫోను పాత టవర్‌నే పట్టుకుని వేలాడుతుంది. బండిని ఆ చెట్టు దాకా జరిపి, హాట్‌స్పాట్‌ను బయటి వైపు కిటికీకి ఆనించి పెట్టాక, పదిన్నర మీటింగ్ ఏ ఇబ్బందీ లేకుండా నడిచింది. బూస్టర్‌ను ముట్టుకోనే లేదు.

నా మాట అవతలికి అందకపోవడానికి కారణం కూడా తెలుసుకోవాలి. టవర్ పదుల వాట్లతో మాట్లాడుతుంది. మీ ఫోను గొంతు సాధారణంగా 200 మిల్లీవాట్లు దాటదు. మైకులో మాట్లాడేవాడికి మీరు మామూలు గొంతుతో జవాబు చెప్పినట్టు అన్నమాట. సిగ్నల్ తగ్గేకొద్దీ ముందు దెబ్బతినేది అప్‌లోడ్. అందుకే స్పీడ్ పరీక్షలో పెద్దగా కనిపించే డౌన్‌లోడ్ అంకెను చూసి మురిసిపోకండి. మీటింగులు ఉన్నవాళ్ళు అప్‌లోడ్ 3 ఎంబీపీఎస్ నిలకడగా వస్తోందో లేదో చూసుకుంటే చాలు.

బ్యాండ్ల గురించి, అంటే ఒక్కో ఫోను కంపెనీ వాడుకునే పౌనఃపున్యాల గురించి, క్లుప్తంగా చెబుతాను. అమెరికాలో ఊళ్ళకు దూరంగా మనల్ని ఆదుకునేవి తక్కువ పౌనఃపున్యాలు: టీ-మొబైల్‌కు 600 మెగాహెర్ట్జ్‌లో బ్యాండ్ 71, వెరైజన్‌కు 700లో బ్యాండ్ 13, ఏటీ అండ్ టీకి 700లోనే 12, 14. ఇవి చాలా దూరం పోతాయి, గుట్ట వెనకకు కూడా కాస్త వంగి వస్తాయి. ఊళ్ళో పరుగులు పెట్టే 2.5 గిగాహెర్ట్జ్ 5జీ ఇక్కడ అడవి అంచుకు వచ్చేసరికి చతికిలబడుతుంది. ఈ 600, 700 ఒకప్పుడు అక్కడి టీవీ చానెళ్ళవి. 700ను 2008లో, 600ను 2017లో వేలం వేసి ఫోను కంపెనీలకు ఇచ్చారు. నాన్నగారికి ఇది చెబితే, "అయితే నేను తిప్పిన తిప్పుడు వృథా పోలేదు" అన్నారు.

నిజంగానే పోలేదు. ఒక వైపే చూసే డైరెక్షనల్ యాంటెన్నా కొనుక్కున్నవాళ్ళు చేయవలసిందీ అదే: కొంచెం తిప్పడం, ఆగడం, అంకె చూడడం, రాసుకోవడం. గడియారం ముల్లులా ఒకేసారి గిర్రున తిప్పితే ఏమీ తెలియదు. ఒక తేడా మాత్రం గుర్తుపెట్టుకోండి. టీవీకి ఒక్క యాంటెన్నా చాలు, 4జీ, 5జీలకు కనీసం రెండు కావాలి. రెండు దారుల్లో రెండు రకాల సమాచారాన్ని ఒకేసారి పంపే పద్ధతి ఇది, పేరు మైమో. రెండు యాంటెన్నాలనూ గుణకారం గుర్తులా ఎదురెదురుగా వాల్చి బిగిస్తారు. తీగ వీలైనంత పొట్టిగా, లావుగా ఉండాలి. పైకప్పు మీద సంపాదించిన డెసిబెళ్ళను సన్నటి పొడుగు తీగ దారిలోనే తినేస్తుంది.

బూస్టర్ సంగతి చాలామంది అడుగుతారు. నాకు దాని మీద పెద్ద గౌరవం లేదు, అలాగని పారేయమనీ చెప్పను. సిగ్నల్‌తో పాటు గోలను కూడా పెంచుతుంది కనుక ఎస్‌ఐఎన్‌ఆర్ బాగుపడదు. ఎక్కువ బూస్టర్లకు బయటి యాంటెన్నా ఒక్కటే కాబట్టి మైమో లాభం పోతుంది. గీతలు పెరుగుతాయి, వేగం తగ్గుతుంది. కొన్నవాళ్ళు ఆ గీతలు చూసి సంతోషిస్తారు! మరి ఎక్కడ పనికొస్తుంది? ఆర్‌ఎస్‌ఆర్‌పీ -112 దగ్గర ఉండి, అప్‌లోడ్ అసలు కదలని చోట. మీ ఫోను సన్నటి గొంతును పెంచి టవర్‌కు వినిపించడమే దాని అసలు ఉపయోగం. బయటి యాంటెన్నాకూ లోపలి యాంటెన్నాకూ తగినంత ఎడం లేకపోతే, సభలో మైకు స్పీకరుకు ఎదురుగా వచ్చి కీచుమన్నట్టు, అదీ తనలో తాను హోరెత్తుతుంది. అప్పుడు పరికరం తన బలాన్ని తనే తగ్గించుకుంటుంది, మీకు మిగిలేది ఏమీ ఉండదు. కదిలే వాహనంలో అన్ని నెట్‌వర్క్‌లకూ పనిచేసే బూస్టర్ 50 డెసిబెళ్ళకు మించి పెంచకూడదని అమెరికా సమాచార కమిషన్ నియమం. వాడేముందు మీ ఫోను కంపెనీ దగ్గర దాన్ని నమోదు చేయడం కూడా తప్పనిసరి. నది పక్కన ఆ లోయలో లాగా సిగ్నల్ సున్నా అయితే బూస్టర్ చేయగలిగింది లేదు. సున్నాను ఎంతతో హెచ్చవేసినా సున్నాయే.

సిగ్నల్‌ను కావాలనే లేకుండా చేసిన చోట్లు కూడా ఉన్నాయి. వెస్ట్ వర్జీనియాలో గ్రీన్ బ్యాంక్ చుట్టూ 13,000 చదరపు మైళ్ళ మేర 1958 నుంచి రేడియో నిశ్శబ్ద మండలం అమలులో ఉంది. అక్కడి 100 మీటర్ల రేడియో టెలిస్కోప్ ఆకాశంలోంచి వచ్చే అతి సన్నటి చప్పుళ్ళను వింటుంది. టెలిస్కోప్ దగ్గరికి వెళ్ళేకొద్దీ మీ అంకెలు ఒక్కొక్కటే రాలిపోతాయి. అటు వెళితే సెలవు పెట్టి వెళ్ళండి.

ఒక్క హెచ్చరిక. అంకెలు బాగున్నా నెట్ నడవని వేళలు ఉంటాయి. ఉదయం ఆరింటికి కొలిచి మురిసిపోయిన చోటే, శుక్రవారం రాత్రి ఎనిమిదింటికి క్యాంప్‌గ్రౌండ్ నిండితే పేజీ కూడా తెరుచుకోదు. టవర్ అదే, పంచుకునేవాళ్ళు పెరిగారు. చవక ప్లాన్లవాళ్ళను కంపెనీలు వరుసలో వెనక్కి నెడతాయి కూడా. అందుకే సోమవారం పని ఉంటే ఆదివారం పొద్దుటికే చేరి, కనీసం రెండు పూటలు కొలుస్తాను. చీకటి పడ్డాక చేరి, పొద్దున మీటింగ్ పెట్టుకునే సాహసం మోయాబ్ తరువాత మానేశాను.

ఈ వారం అభ్యాసం. దీనికి ఆర్వీ అక్కర్లేదు. ఒక కాగితం మీద మీ ఇంటి పటం గీయండి. నాలుగు గదులు, వంటిల్లు, మేడ పైన, కారు లోపల అద్దాలు మూసి ఒకసారి, తెరిచి ఒకసారి, ప్రతి చోటా అర నిమిషం ఆగి ఆర్‌ఎస్‌ఆర్‌పీ రాయండి. ఉదయం ఎనిమిదింటికి ఒక వరుస, రాత్రి ఎనిమిదింటికి ఒక వరుస. ప్రతి అంకె పక్కన గీతలు ఎన్ని ఉన్నాయో కూడా వేయండి. ఇంట్లో వేరే కంపెనీ ఫోను ఉంటే దానితోనూ చేయండి. రెండు ఫోన్ల గీతలు ఒకే మాట చెబుతున్నాయో లేదో మీకే కనిపిస్తుంది.

నాలుగో పాఠం ఉపగ్రహ ఇంటర్నెట్ గురించి. దానికి ముందు ఒకసారి బయటికి వెళ్ళి, మీ ఇంటి దగ్గర ఉత్తరం వైపు ఆకాశాన్ని చెట్లు ఎంత మేర కప్పేస్తున్నాయో చూసి రాసి పెట్టుకోండి.