గుమ్మానికి ఇసుక బస్తాలు అడ్డం పెట్టే ముందు

2024 సెప్టెంబరులో బుడమేరు వాగుకు గండ్లు పడి విజయవాడ సింగ్‌నగర్ వైపు ఇళ్లు మునిగాయి. అంత నీటిని ఏ బస్తా ఆపదు, ఇల్లు ఖాళీ చేయడమే. ఈ జాగ్రత్తలు మోకాలి లోపు నీటికి.

• నీళ్లు రాకముందే మెయిన్ స్విచ్, గ్యాస్ రెగ్యులేటర్ ఆపండి. తడిలో నిలబడి స్విచ్ జోలికి వెళ్లొద్దు.

• బస్తాను సగానికి కాస్త పైదాకా నింపితే చాలు. చాలామంది తప్పు చేసేది ఇక్కడే. నిండా కుక్కిన బస్తా గుండ్రాయిలా ఉంటుంది, పక్కదానితో అతకదు, సందుల్లోంచి నీళ్లు కారతాయి. సగం బస్తా మూతి మడిచి కిందకి పెట్టి తొక్కితే చక్కగా పరుచుకుంటుంది. పై వరస ఇటుకల పేర్పులాగే, కింది రెండు బస్తాల అతుకు మీదికి రావాలి.

• నీళ్లొచ్చే వైపు పాలిథిన్ షీట్ వేసి, కింది అంచు మీద బస్తాలు బరువు పెట్టండి.

• బస్తాల వరసను రెండడుగుల ఎత్తు దాటి కట్టొద్దు. బయట నీటి ఒత్తిడికి పాత గోడ కూలొచ్చు.

• గుమ్మం కట్టేశాం కదా అని నిశ్చింతగా ఉంటే బాత్రూమ్‌లోంచి నీళ్లు తన్నుకొస్తాయి! కమోడ్‌లో, నీళ్లు పోయే కంతల మీద కవర్లో కట్టిన చిన్న ఇసుక మూట పెట్టండి.

• ముసలివాళ్లని, పిల్లల్ని ముందే పంపేయండి. మీరు బయటపడే దారి మాత్రం మూయకండి.

• వరద తీశాక ఆ ఇసుక మురుగు తాగి ఉంటుంది. గ్లౌజులు లేకుండా ముట్టుకోవద్దు.